పొక్కు వచ్చినప్పుడల్లా సాలీడు మీదికి తోసేస్తే ఎట్లా?

సాలీడు ఒంటి మీద పాకితే పొక్కులు రావు. దాని ఉచ్చ తగిలితే చర్మం కాలదు. ఈ రెండు మాటలూ మా మందుల షాపు కౌంటర్ దగ్గర ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాను. బస్సు పోతుందని తొందరపడే మనిషికి అక్కడ నిలబెట్టి అంతకు మించి చెప్పడం కుదరదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ఇంట్లో కనిపించే సాలీడు ఏ రకందో, అది ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలుసుకోవడం పురుగులంటే ఇష్టమున్నవాళ్ల సరదా అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అది ఆరోగ్యానికి సంబంధించిన విషయం. సాలీడు మీద నెపం వేసి అసలు జబ్బును వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది నెల్లూరు పక్కన. షాపుకు వచ్చేవాళ్లలో కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు పల్లెలవాళ్లే ఎక్కువ. ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకుని, పొలాల్లో నీళ్లు నిలిచి, నాట్లు సాగే రోజుల్లో ఒక రకం కేసులు వరసగా వస్తాయి. మెడ మీదో, మోచేతి మడతలోనో, కనురెప్ప కిందో ఎర్రగా కమిలిన చార. దాని మీద సన్నటి నీటి పొక్కులు. ఒకటే మంట. "సాలిపురుగు పాకింది సార్, ఏదన్నా ఆయింట్‌మెంట్ ఇవ్వండి" అంటారు. పక్కనున్నవాళ్లు "ఉచ్చ పోసుంటుందిలే" అని ఖాయం చేస్తారు. పాకుతుంటే చూశారా అని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: "చూళ్లేదు. పొద్దున లేచేసరికి మంచం పక్కన గోడ మీద ఇంత పురుగు ఉండింది."

అంతే సాక్ష్యం. గోడ మీద ఉండింది కాబట్టి అదే చేసింది.

ఆ చారకు కారణం చాలావరకు పెడెరస్ అనే ఒక చిన్న పెంకుపురుగు. కొందరు యాసిడ్ పురుగు అంటున్నారు. 2022 జూలైలో సిక్కింలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకు చర్మం కాలినట్టు అయిందని పేపర్లలో వచ్చినప్పుడు 'నైరోబీ ఈగ' అని రాశారు. అది ఈగ కాదు. ఒకసారి దగ్గరగా చూస్తే మళ్లీ మర్చిపోరు. పొడవు బియ్యపు గింజ కంటే కొంచెం ఎక్కువ. తల నలుపు, మెడ భాగం నారింజ రంగు, నడుం దగ్గర నీలంగా మెరిసే పొట్టి రెక్కల తొడుగు, దాని వెనక మళ్లీ నారింజ పొట్ట, తోక కొస నలుపు. కాళ్లు ఆరు. తొందరలో చూస్తే రంగుల చీమ అనుకుంటాం. పరుగెత్తేటప్పుడు తోక పైకెత్తుతుంది.

ఇది కుట్టదు, కరవదు. దీని ఒంట్లో రసంలో పెడెరిన్ అనే విషం ఉంటుంది. ఆ విషాన్ని తయారు చేసేది కూడా పురుగు కాదు, దాని లోపల కాపురముండే బాక్టీరియా. రాత్రి ట్యూబ్‌లైట్ వెలుగుకు లోపలికి వచ్చి మెడ మీద వాలుతుంది. మనం నిద్రమత్తులో చేత్తో రుద్దేస్తాం. నలిగిన పురుగు రసం చెయ్యి ఎటు పోతే అటు పూసుకుపోతుంది. మచ్చ చుక్కలా కాకుండా చారలా రావడానికి కారణం అదే. మోచేతి మడతలో నలిగితే చెయ్యి ముడిచినప్పుడు ఆ రసం అవతలి వైపుకీ అంటి, మడతకు రెండు పక్కలా ఒకే ఆకారంలో మచ్చలు పడతాయి. ఇలాంటి జంట మచ్చ కనిపిస్తే ఇంక అనుమానం అక్కర్లేదు. అదే చేత్తో కన్ను నలుపుకుంటే కన్ను వాచిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, మంట వెంటనే రాదు. ఇంచుమించు ఒక రోజు పడుతుంది. అప్పటికి ఆ పురుగు నలిగి ఎప్పుడో పొద్దుటి ఊడ్పులో పోయి ఉంటుంది. గోడ మీద కదలకుండా కూర్చున్న సాలీడు మాత్రం ఎదురుగా ఉంటుంది. తరతరాలుగా నింద దాని మీద పడుతూ రావడానికి ఇంతకు మించిన కారణం నాకు కనిపించడం లేదు.

ఒంటి మీద పెడెరస్ వాలితే నలపకండి. ఊది తోలేయండి, లేదా కాగితం ముక్క మీదికి ఎక్కించి బయట వేయండి. నలిగిపోయిందని తెలిస్తే వెంటనే ఆ చోటంతా, చేతులు కూడా, సబ్బుతో బాగా కడగండి. పడుకునే ముందు లైటు ఆర్పేసి, కిటికీలకు మెష్ వేయించుకుంటే చాలా వరకు సమస్య తీరిపోతుంది. కన్ను దగ్గర అయితే మాత్రం షాపులో మందు అడగకుండా డాక్టర్‌కు చూపించండి. అలా అని ఈ పురుగు మీద కక్ష కట్టాల్సిన పనీ లేదు. వరి పొలంలో అది సుడిదోమను తినే మిత్ర పురుగు. పొలంలో దానికి పని ఉంది, మన పడకగదిలో లేదు, అంతే.

దీనికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది సర్పి. కొన్నిచోట్ల అక్కి అంటారు. నడుం చుట్టూనో, రొమ్ము పక్కనో, నుదుటి మీదో, ఒక పక్కనే పట్టీలా పొక్కులు లేస్తాయి. అవతలి పక్కకు దాటవు. పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఆ చోట సలుపు, మంట ఉంటాయి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పటి వైరస్ నరాల మొదళ్లలో దాక్కుని, వయసు మళ్లాకో, ఒంట్లో శక్తి తగ్గాకో మళ్లీ లేవడం వల్ల వచ్చే జబ్బు ఇది. దీన్ని కూడా "సాలీడు తిరిగింది" అంటారు. పసరు పూస్తారు. ఎర్రమట్టి రాయిస్తారు. వారం దాటాక మా దగ్గరికి వచ్చి నొప్పి మాత్ర అడుగుతారు.

ఈ జబ్బుకు వైరస్‌ను అణిచే మందులు ఉన్నాయి. పొక్కులు లేచిన 72 గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. ఆ మూడు రోజులే మన చేతిలో ఉన్నవి. అవి సాలీడు పేరు మీద జారిపోతే పొక్కులు మానిపోయినా నరాల నొప్పి నెలల తరబడి ఉండిపోవచ్చు. చీర అంచు తగిలినా ఓర్చుకోలేని నొప్పి అది. "పెద్దమ్మా, ఇది పురుగు పని కాదు, ఇవాళే డాక్టర్ దగ్గరికి పో" అని చెప్పి, ఆటో ఎక్కేదాకా చూసి పంపిన రోజులున్నాయి. నుదుటి మీదో, ముక్కు కొస మీదో వస్తే కంటికి కూడా పాకే ప్రమాదం ఉంది కాబట్టి గంటలు కూడా లెక్కే. షుగర్ ఉన్నవాళ్ల కాలి మీద గడ్డ లేచి, చుట్టూ ఎర్రబడి, జ్వరం వస్తే అదీ అంతే. అది చర్మంలోకి దిగిన ఇన్‌ఫెక్షన్. దానికి సాలీడు పేరు పెట్టి నాలుగు రోజులు ఇంట్లో కూర్చుంటే కాలికే ముప్పు వస్తుంది.

"నువ్వు మందుల షాపువాడివి, నీకేం తెలుసు, సాలీడు కరిస్తే పుండు పడుతుందని ఫోన్లో వీడియోలు వస్తున్నాయి" అనేవాళ్లున్నారు. మంచి ప్రశ్నే. దానికి జవాబు వెతికినవాళ్లు ఉన్నారు. ఆస్ట్రేలియాలో జెఫ్రీ ఇస్బిస్టర్ అనే డాక్టర్, మైకేల్ గ్రే అనే సాలీళ్ల శాస్త్రవేత్త కలిసి 750 సాలీడు కాట్లను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లు పెట్టుకున్న నియమం నాకు చాలా నచ్చింది. "సాలీడే అనుకుంటా" అంటే లెక్కలోకి తీసుకోలేదు. కరుస్తుండగా చూసి, ఆ సాలీడును పట్టి తెస్తే, నిపుణుడు అది ఏ జాతో గుర్తిస్తేనే లెక్క. అలా తేలిన 750 కాట్లలో ఒక్కటి కూడా కుళ్లే పుండుగా మారలేదు. విష సాలీళ్లకు పేరుపడ్డ దేశంలో సంగతి ఇది. అదే 2002లో అమెరికా నుంచి ఇంకో రిపోర్టు వచ్చింది. కాన్సస్ రాష్ట్రంలో ఒక కుటుంబం కాపురముంటున్న ఇంట్లో ఆరు నెలల్లో 2,055 బ్రౌన్ రెక్లూజ్ సాలీళ్లు దొరికాయి. కరిస్తే నిజంగానే పుండు పడే అవకాశం ఉన్న రకం అది. ఆ ఇంట్లో ఒక్కరిని కూడా కరవలేదు.

సాలీడు మనిషిని ఆహారంగా చూడదు. దాని విషం దోమకూ, ఈగకూ, బొద్దింకకూ సరిపోయేంత. దుస్తుల్లోనో, చేతి కిందో నలిగి, పారిపోయే దారి లేనప్పుడు మాత్రమే కరుస్తుంది. ఇళ్లలో ఉండే చిన్న రకాల్లో చాలావాటి కోరలు మన చర్మంలోకి సరిగా దిగవు కూడా. ఉచ్చ సంగతంటారా, గోడ కింద, కిటికీ పలక మీద తెల్లటి సున్నపు చుక్కలు పడి ఉంటాయి చూడండి, సాలీడు విసర్జించేది అదే. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

ఇప్పుడు మన ఇళ్లలో ఉండేవాటి సంగతి. రంగు చూసి గుర్తుపట్టాలని చూడకండి. అన్నీ గోధుమ, బూడిద, మట్టి రంగులే. పైగా ఒకే రకంలో ఆడది ఒకలా, మగది ఒకలా, పిల్ల ఇంకోలా ఉంటాయి. నేను చూసేది ముందుగా అది కూర్చున్న తీరు, తర్వాత గూడు అల్లిందా లేదా, అల్లితే ఎట్లా అల్లింది. వీటన్నిటికంటే నమ్మకంగా తేల్చేది గుడ్ల సంచి. తల్లి దాన్ని ఎక్కడ పెట్టుకుందో చూస్తే చాలా వరకు తేలిపోతుంది. ఈ కిటుకు పిల్లలకు చెబితే అప్పటిదాకా కెవ్వుమన్నవాళ్లు కూడా టార్చి తీసుకుని వెతుకుతారు.

మంచం పక్కన గోడ మీద కనిపించి అందరినీ హడలగొట్టే 'ఇంత పురుగు' ఎక్కువగా హంట్స్‌మన్. శాస్త్రీయ నామం హెటెరోపోడా వెనటోరియా. 1767లోనే లిన్నేయస్ అనే శాస్త్రవేత్త దీన్ని నమోదు చేశాడు. ఓడల్లో సరుకులతో పాటు ఉష్ణదేశాలన్నిటికీ పాకింది. ఒళ్లు అంగుళం లోపే ఉంటుంది, కాళ్లతో కలిపితే అరచేయంత. బాగా పలచన. కాళ్లు పీత కాళ్లలా పక్కలకు చాపుకుని గోడకు అతుక్కుని కూర్చుంటుంది. ఈ పలచనితనం వల్లే క్యాలెండర్ వెనక, తలుపు చట్రం సందులో, గోడకు ఆనించిన పరుపు వెనక ఇమిడిపోతుంది. ముఖం మీద, కళ్ల కింద, లేత పసుపు రంగు అడ్డగీత ఉంటుంది. టార్చి వేస్తే బాగా తెలుస్తుంది. ఇది గూడు అల్లదు. రాత్రిపూట తిరిగి వేటాడి తింటుంది, ముఖ్యంగా బొద్దింకలను. వంటింట్లో సింకు కింద లైటు వేసినప్పుడు గోడ మీద ఇది, దాని నోట్లో మీసాలు ఇంకా ఆడుతున్న బొద్దింక, ఈ రెండింటినీ కలిపి చూసినవాళ్లు దాన్ని మళ్లీ చెప్పుతో కొట్టరు.

ఆడది గుడ్లు పెట్టాక వాటిని పట్టుతో చుట్టి, రూపాయి బిళ్లంత గుండ్రటి, పలచటి, తెల్లటి సంచి చేస్తుంది. దాన్ని రొమ్ము కింద పట్టుకుని, పిల్లలు బయటికొచ్చే దాకా మోసుకు తిరుగుతుంది. ఆ రోజుల్లో అది చురుగ్గా పరుగెత్తలేదు, కాళ్లు కాస్త ఎత్తి, బరువుగా కదులుతుంది. మనకు పొట్ట కింద తెల్లటి బొడిపె ఉన్న వికారమైన పురుగులా కనిపిస్తుంది. అది రోగం కాదు, విషం సంచీ కాదు. ఆ సమయంలో చీపురుతో కొడితే, పొదిగే దశను బట్టి, వందకు పైగా పిల్లలు గది నిండా చెదిరిపోవచ్చు. ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, కింద నుంచి అట్టముక్క దూర్చి, తీసుకెళ్లి పెరట్లో వదిలేయడం ఎంతో తేలిక.

నేల మీద పరుగెత్తేది, మట్టి రంగులో చారలున్నది, వానలప్పుడు పొలం వైపు నుంచి గడప దాటి వచ్చేది తోడేలు సాలీడు. అది గుడ్ల సంచిని తోక కొసకు అంటించుకుని ఈడ్చుకు తిరుగుతుంది. పిల్లలు బయటికి రాగానే తల్లి వీపెక్కి కూర్చుంటాయి. వీపంతా గరుకుగా, కదులుతున్నట్టు కనిపిస్తే అవి పిల్లలే. టార్చిని కళ్ల ఎత్తులో పట్టుకుని రాత్రి పొలం గట్టు వెంట వేసి చూడండి. గడ్డిలో నీలిపచ్చ మెరుపులు చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. అవన్నీ వీటి కళ్లే.

ఇంటి కప్పు మూలల్లో, బీరువా వెనక, బాత్‌రూమ్ గోడ మీద దారపు పోగుల్లాంటి కాళ్లతో తలకిందులుగా వేలాడేది మూడోది. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది క్రోసోప్రైజా ల్యోనీ. దాని పొట్ట వెనక భాగం పలకలుగా ఉండి, పై కొస మొనదేలి ఉంటుంది. గూడుకు ఒక లెక్క ఉండదు, అడ్డదిడ్డంగా పోగులు లాగి ఉంటాయి. దగ్గరికెళ్లి నోటితో ఊదండి. గూటిలోనే ఒళ్లంతా గిరగిరా ఊపేస్తుంది, కాసేపటికి పురుగు ఉన్నచోట మసక తప్ప ఇంకేమీ కనిపించదు. శత్రువుకు గురి దొరక్కుండా చేసుకునే ఏర్పాటు అది. ఇది గుడ్లను నోటితో పట్టుకుని తిరుగుతుంది. సంచి కూడా సరిగా ఉండదు, నాలుగు పోగులు చుట్టిన గుడ్ల గుత్తి అంతే, గుడ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపిస్తాయి. ప్రపంచంలో అన్నిటికంటే విషమైన సాలీడు ఇదేననీ, కోరలు పొట్టివి కాబట్టి బతికిపోతున్నామనీ వాట్సాప్‌లో తిరిగేదానికి ఏ ఆధారమూ లేదు. డెంగీ రోజుల్లో మూలన కూర్చుని దోమల్ని చుట్టి తినే జీవిని మనమే దులిపి పారేయడం నాకు నచ్చదు.

పగటిపూట కిటికీ పక్క గోడ మీద గెంతుతూ తిరిగే చిన్న సాలీళ్లు తెలియనివాళ్లు ఉండరు. ఎనిమిది కళ్లలో ముందున్న రెండూ పెద్దవి. వేలు చూపిస్తే ఒళ్లంతా తిప్పి మన వంక చూస్తాయి. గెంతే ముందు కింద పట్టు పోగు ఒకటి అంటించుకుంటాయి, గురి తప్పినా కింద పడకుండా. వీటికి భయపడేవాళ్లు తక్కువే కాబట్టి ఎక్కువ రాయను. గోడ మీద చిన్న బిళ్లంత తెల్లటి పలచటి గూడు, దాని కింద చీమంత సాలీడు ఉంటే అది ఓకోబియస్, చీమల్ని తింటుంది. స్టోర్‌రూమ్‌లో నేలకు సమాంతరంగా పరిచినట్టు చక్రం గూడు ఉంటే జోసిస్ అయ్యుండొచ్చు. ఆ కుటుంబానికి విషగ్రంథులే లేవు. పురుగును మీటర్ల కొద్దీ పట్టుతో చుట్టి బిగించడమే దాని ఆయుధం. పెరట్లో గూడు మధ్యన తెల్లటి జిగ్‌జాగ్ కుట్టు వేసి, కాళ్లు రెండేసి జతగా చాపి కూర్చునేది ఆర్జియోపి. కంచె కంపల మీద మురికి దూదిలా పెద్ద పెద్ద గూళ్లు కనిపిస్తే అవి కలిసి కాపురం చేసే సాలీళ్లవి. వాటి తల్లులు చివరికి తమ ఒంటినే పిల్లలకు తిండిగా ఇచ్చేస్తాయి.

భయం ఎనిమిది కాళ్లను చూసి కాదు. ఆరుద్ర కార్తెలో తొలకరి పడగానే నేల మీద ఎర్రటి మఖమల్ పురుగు కనిపిస్తే పిల్లల అరచేతిలో పెట్టి మురిసిపోతాం. దానికీ ఎనిమిది కాళ్లే, సాలీళ్ల బంధువే. మా అవ్వ ఇంట్లో సాలీడును చంపనిచ్చేది కాదు, కాళహస్తిలో శివుణ్ని కొలిచిన జీవి అని. అలవాటైనదాన్ని చూస్తే భయం పోతుంది. అలవాటు కావాలంటే ముందు చూడాలి.

ప్రమాదమైనవి అసలే లేవని నేను అనడం లేదు. 2022 ఏప్రిల్‌కు ప్రపంచంలో నమోదైన సాలీడు జాతులు 50,000 దాటాయి. వాటిలో మనిషికి హాని చేయగలిగినవి చాలా తక్కువ. బ్లాక్ విడో అనే విష సాలీడు బంధువులు మన దేశంలోనూ ఉన్నాయి. గుండ్రంగా మెరిసే పొట్టతో ఉంటాయి. రాళ్ల కింద, పొదల మొదళ్లలో నేలకు దగ్గరగా ఉంటాయి, పడకగది గోడ మీద కాదు. కాటు పడ్డాక నొప్పి పైకి పాకుతూ పోవడం, చెమటలు పట్టడం, కండరాలు పట్టేయడం ఉంటే ఏ సాలీడైనా సరే ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

ఇక్కడ నల్లమల సంగతి చెప్పాలి. 1899లో పోకాక్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త లోహంలా నీలంగా మెరిసే ఒక పెద్ద సాలీడుకు పోసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. నమూనా దొరికింది గుత్తిలో, రైల్వే కలప పేర్చిన చోట. అందుకే దాన్ని ప్రపంచమంతా గుత్తి పేరుతోనే పిలుస్తుంది. తర్వాత వందేళ్ల పాటు అది శాస్త్రవేత్తల కంటపడలేదు. చివరికి దొరికింది గుత్తిలో కాదు, నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో. కలపతో పాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని ఒక ఊహ. ఇప్పుడు అది ఉండే అడవి 100 చదరపు కిలోమీటర్ల లోపేనని, అంతరించిపోయే అంచున ఉందని ఐయూసీఎన్ జాబితా చెబుతోంది. పెంచుకునే సరదా కోసం విదేశాల్లో కొనేవాళ్లు ఉండటంతో 2019లో పోసిలోథీరియా జాతులన్నిటి వ్యాపారాన్ని సైటిస్ అనే, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం కిందికి తెచ్చారు. దీని కాటు గట్టిదే, కండరాల నొప్పులు రోజుల తరబడి వేధిస్తాయి. కానీ అది పాత చెట్ల తొర్రల్లో ఉంటుంది, అలికిడైతే లోపలికి దూరిపోతుంది. గిద్దలూరు వైపు మిత్రులకు ఒక్కటే మనవి. మీకు అది కనిపిస్తే ఫొటో పెట్టండి, చెట్టు ఎక్కడుందో మాత్రం రాయకండి. కొనేవాళ్లకు కావలసింది ఆ అడ్రసే. ఇలాంటి జీవి మన నల్లమలలో ఉందంటే నాకు నిజంగా గర్వంగా ఉంటుంది.

"ఇంట్లో బూజు పెంచుకోమంటావా?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. అక్కర్లేదు. పండక్కి బూజుకర్ర తీయండి, శుభ్రంగా దులపండి. మూలల్లో నల్లగా వేలాడేది చాలావరకు వదిలేసిన పాత గూడు, దుమ్ము పట్టిన పట్టు. అందులో సాలీడు ఉండదు. ఉన్నా పక్కకు తప్పుకుని మళ్లీ అల్లుకుంటుంది. నాకు అభ్యంతరం స్ప్రే డబ్బాతోనే. సాలీడు కాలి కొసల మీద నడుస్తుంది. నేల మీద ఆరిపోయిన మందు, పొట్ట రాసుకుంటూ తిరిగే బొద్దింకకు అంటినంతగా దానికి అంటదు. కాబట్టి సాలీడు చావాలంటే దాని మీదే కొట్టాలి. మూసిన గదిలో ఆ మందు పీల్చేది పిల్లలు.

ఈ విషయంలో మన రైతులకు కొత్తగా చెప్పేదేమీ లేదు. వరిలో తోడేలు సాలీడు ఒక్కోటి రోజుకు 5 నుంచి 15 పురుగుల దాకా తింటుందని వరి శాస్త్రవేత్తల లెక్క, వాటిలో సుడిదోమ ముఖ్యం. పైరు మొదట్లోనే ఘాటు మందులు కొడితే ముందు పోయేవి సాలీళ్లు. సుడిదోమ గుడ్లు ఆకు తొడిమ లోపల ఉండి బతికిపోతాయి. అవి పొదిగే సమయానికి తినేవాళ్లు ఎవరూ మిగలరు. ఇండోనేసియా ఈ దెబ్బ బాగా తిని, 1986లో వరికి వాడే 57 రకాల పురుగుమందులను ఒక్క ఉత్తర్వుతో నిషేధించింది. పొలంలో సాలీడును చూసి మందు కొట్టడం వారం వాయిదా వేసే రైతు, ఇంటికొచ్చి అదే సాలీడును చెప్పుతో కొట్టడం నాకు మింగుడుపడదు. పొలానికి తెలిసిన లెక్కే ఇంటికీ పనికొస్తుంది.

ఇంతా చదివాక కూడా ఎవరికైనా నిజంగా సాలీడే కరిచిందనిపిస్తే, ఆ చోటు సబ్బుతో కడిగి, గుడ్డలో ఐసు చుట్టి పెట్టండి. కోయడం, కాల్చడం, పసరు పట్టించడం వద్దు. ఆ సాలీడు దొరికితే మాత్రం పారేయకండి. చచ్చినదైనా సరే, నలిగినదైనా సరే, మూత ఉన్న డబ్బాలో వేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. సాలీడు కాళ్లు చాపేది ఒంట్లో ద్రవం ఒత్తిడితో కాబట్టి చచ్చాక కాళ్లన్నీ లోపలికి ముడుచుకుపోతాయి. అయినా తల మీద కళ్ల వరస చెదరదు, నిపుణులు మొదట చూసేది దాన్నే. ఫొటో తీస్తే పై నుంచి ఒకటి, ముఖానికి ఎదురుగా ఒకటి, గూడు ఉంటే గూటిది ఒకటి తీయండి. పక్కన స్కేలు గానీ రూపాయి బిళ్ల గానీ పెట్టండి. పొక్కు ఎప్పుడు లేచింది, ఆ ముందు రాత్రి లైటు వేసి పడుకున్నారా, పొక్కు ఒక పక్కనే ఉందా, రెండు పక్కలా ఉందా, ఇవి కూడా రాసుకుని వెళ్లండి. డాక్టర్ అడిగేవి ఇవే.